అరటిగెలల తొందరపాటు

కొత్తరేవు అరటి రైతుల సహకార సమాఖ్యలో కంప్యూటరు చెడిపోయినందువల్ల ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. అది బాగుపడిన తర్వాతే మా కష్టాలు మొదలయ్యాయి.

నేను ఆ సమాఖ్య ఆఫీసులో టపా విభాగం గుమాస్తాను. పేరు గవర్రాజు. మా మేనేజింగ్ డైరెక్టర్ యుగంధర్ గారు నోటితో అన్న మాటను ఉత్తర్వు భాషలోకి మార్చి, నంబరు వేసి, నోటీసు బోర్డుకు అంటించడం నా ఉద్యోగం. కనుక ఈ కథలో వచ్చే ఉత్తర్వులన్నీ నేను రాసినవే. తప్పించుకోవాలని చూడను.

గోదావరి లంకల్లో పండిన గెలలు పడవల మీద, ట్రాక్టర్ల మీద మా యార్డుకు వస్తాయి. కాటా వేసి లారీకెత్తుతారు. లారీ గేటు దాటాలంటే పాసు కావాలి. పాసు కంప్యూటరులోంచే రావాలి. చేతిరాత పాసులు చెల్లవని ఆరేళ్ళ కిందట తీర్మానించి, మిగిలిన పాసు పుస్తకాలను యార్డు మధ్యలో కుప్ప పోసి తగలబెట్టాం. ఆ ఫొటో ఇప్పటికీ రిసెప్షన్‌లో ఉంది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పిడుగు పడి సర్వరు కాలిపోయింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి కొత్త యంత్రం తెచ్చాడు. పాత సమాచారం నకలు ఒకటి భద్రంగా ఉంటే దాన్ని రెండు రోజులపాటు ఇందులోకి ఎక్కించాడు. మూడో రోజు యుగంధర్ గారు 'సంపూర్ణ పునరుద్ధరణ మహోత్సవం' జరిపారు. సర్వరుకు బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, శాలువా కప్పారు. గాలాడక యంత్రం వేడెక్కుతుందని ఎవరో అంటే, ఆ శాలువానే తీసి కంపెనీ మనిషికి కప్పారు. అతను శాలువాతోనే బస్సెక్కి వెళ్ళిపోయాడు. 'నూటికి నూరు పాళ్ళు పునరుద్ధరణ' అని నేను నివేదిక రాశాను, అది ఆ సాయంత్రమే రాజధానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న మొదటి లారీ అబ్బులు గారిది. అబ్బులు గారంటే అవతలి లంకలో మూడెకరాల చక్రకేళి తోట ఉన్న రైతు. అరవై దాటిన మనిషి. ఆ రోజు ఆయన మూడు వందల పన్నెండు గెలలు తెచ్చాడు. లారీ బరంపురం వెళ్ళాలి.

పాసుల కౌంటరులో కూర్చునేది నూకరత్నం. తొమ్మిదేళ్ళుగా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేస్తోంది. రైతు ముఖం చూడగానే అతని పేరు, లంక, తోటలో ఏ రకం ఉందో చెప్పగలదు. కంప్యూటరుకు ఆ మాత్రం తెలివి ఉందని మేమంతా నమ్మేవాళ్ళం. నూకరత్నం 'అబ్బులు' అని కొట్టి మీట నొక్కింది. తెర మీద గుండ్రని చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. అబ్బులు గారు చుట్ట వెలిగించుకోడానికి బయటికి వెళ్ళి, కాల్చి, నోరు కడుక్కుని, టీ తాగి వచ్చాడు. చక్రం ఇంకా తిరుగుతోంది.

"ఏంటమ్మా, నా పేరు మర్చిపోయిందా ఏంటి?" అన్నాడు.

"మర్చిపోలేదండి. వెతుకుతోందండి," అంది నూకరత్నం.

పాసు రావడానికి నలభై రెండు నిమిషాలు పట్టింది. పిడుగు పడక ముందు అర నిమిషం పట్టేది. రెండు రోజుల్లో గేటు లోపల తొంభై లారీలు బారులు తీరాయి. అబ్బులు గారి రెండో లోడుకు వంతు వచ్చేసరికి నాలుగో రోజు అయింది. అప్పటికి టార్పాలిన్ కింద గెలలన్నీ ముగ్గిపోయి, ఆఫీసు మేడ మీదికి కూడా వాసన వస్తోంది. పాసు పట్టుకుని లారీ గేటు దగ్గరికి వెళ్తే వాచ్‌మన్ సూర్రావు టార్పాలిన్ ఎత్తి చూసి, పాసు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"పాసులో పచ్చికాయ అని ఉందండి. ఇది పండండి. వెళ్ళనివ్వకూడదండి."

"పాసు అడిగిన్నాడు పచ్చికాయేరా బాబూ!" అన్నాడు అబ్బులు గారు.

"నేను ఇవాళ్టి సంగతే చూడాలండి."

అబ్బులు గారు వెనక్కి వచ్చి 'పండు' అని మరో పాసు అడిగాడు. అది మూడు రోజులకు వచ్చింది. ఆ వేళకు లారీలో ఉన్నదాన్ని ఏమని పిలవాలో పాసు నమూనాలో పదం లేదు. యార్డు ఆవులకు మాత్రం ఆ వారం బాగా గడిచింది.

నూకరత్నం ఊరుకునే మనిషి కాదు. ఒక నోటుబుక్కు కొని, ప్రతి పాసుకూ ఎంతసేపు పట్టిందో రాసుకుంది. మిగతా కౌంటర్లన్నీ మూయించి, తను ఒక్కతే కూర్చుని చూసింది. అప్పుడూ నలభై నిమిషాలే. అంటే జనం ఎక్కువై ఆలస్యం కాదు. వైర్లు పీకి మళ్ళీ పెట్టింది. ఉత్తరాలు పంపే ప్రోగ్రాం చురుగ్గానే ఉంది, కనుక వైర్ల తప్పూ కాదు. కొత్త రైతును నమోదు చేస్తే క్షణంలో అయిపోతోంది. పాత రైతును వెతికితేనే చక్రం తిరుగుతోంది. అప్పుడు కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోను చేసింది. అవతలి కుర్రవాడు ఆమె నోటుబుక్కులో లెక్కలన్నీ ఓపిగ్గా విని, నాలుగు ప్రశ్నలు వేసి, జబ్బు చెప్పేశాడు.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"గవర్రాజు గారూ, దొరికేసిందండి. లావుపాటి పుస్తకం వెనకాల ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక ఉంటుంది కదండి. దాన్ని ఇండెక్స్ అంటారంట. పాత సమాచారం ఎక్కించినప్పుడు పుస్తకం మొత్తం వచ్చింది గానీ ఆ పట్టిక రాలేదంట. అందుకే అబ్బులు గారు కావాలంటే మొదటి పేజీ నించి నలభై వేల మందినీ ఒక్కొక్కళ్ళనే అడుక్కుంటూ వస్తోందండి."

"మరి పట్టిక మళ్ళీ చెయ్యలేరా?"

"గంటన్నర పనంటండి. ఆ గంటన్నరా ఎవరూ కంప్యూటరు ముట్టుకోకూడదు, అంతే. కౌంటర్లు రాత్రి కూడా నడుస్తున్నాయి కాబట్టి ఎం.డి. గారే ఆపమనాలండి."

ఇంత చిన్న విషయమా అనుకుని, నేనే నోటు రాసి ఎం.డి. గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, నూకరత్నాన్ని పిలిపించారు.

"పునరుద్ధరణ నూటికి నూరు పాళ్ళు జరిగిందని ప్రభుత్వానికి నివేదించి ఉన్నాం. అవునా?"

"అవునండి."

"నూటికి నూరు పాళ్ళు జరిగినదానిలో పట్టిక రాలేదంటే, నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు జరిగినట్టు. అంటే మనం ప్రభుత్వానికి అసత్యం నివేదించినట్టు. మీ ఉద్దేశం అదేనా?"

"నా ఉద్దేశం గంటన్నర ఆపమనండి."

"అమ్మా, మీరు ఔట్‌సోర్సింగ్. ఇన్‌సైడ్ విషయాలు మీకెందుకు? శ్రావణమాసాంతానికి మీ కాంట్రాక్టు పునఃపరిశీలనకు వస్తుంది. ఆ సంగతి దృష్టిలో పెట్టుకోండి." తర్వాత నావైపు తిరిగారు. "వ్యవస్థను నిలుపుదల చేయాలంటే ఒక విధానం ఉంది. నిలుపుదల దరఖాస్తును ఆ వ్యవస్థలోనే దాఖలు చేయాలి."

నూకరత్నం దాఖలు చేసింది. చక్రం నాలుగు రోజులు తిరిగింది. ఐదో రోజు 'సమయం మించిపోయినది, మరల ప్రయత్నించండి' అని వచ్చింది.

లారీల బారు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక యుగంధర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. మినిట్స్ రాయడానికి నేను కూర్చున్నాను.

"సిస్టం స్లో అన్న మాట మినిట్స్‌లో ఎక్కడా రాకూడదు," అన్నారు ఆయన. "వేగంలో వ్యత్యాసం అని రాయండి."

"దేనికీ దేనికీ మధ్యండి?" అని అడిగాను. మినిట్స్‌లో ఖాళీ వదలకూడదు కదా.

ఆయన కిటికీలోంచి యార్డులోకి చూశారు. పసుపుపచ్చగా మెరుస్తున్న లారీలు కనపడ్డాయి. చాలాసేపు చూశారు.

"పాసుకూ, పండుకూ మధ్య," అన్నారు నెమ్మదిగా. "రెండు వస్తువుల వేగంలో తేడా వచ్చినప్పుడు, ప్రభుత్వానికి నివేదించిన వస్తువునే ఎందుకు అనుమానించాలి? రెండోది ఎందుకు తొందరపడుతోందో ఎవరైనా విచారించారా?"

ఎవరూ విచారించలేదు. ఆ సంగతి మినిట్స్‌లో రాశాను.

విచారించడానికి హైదరాబాదు నుంచి సుధాంశు అనే నిపుణుడు వచ్చాడు. వ్యవస్థల నిర్వహణలో పెద్ద పేరున్న కన్సల్టెంటు. అరటి గురించి ఆయనకు ఏమీ తెలియదు, అందుచేత పక్షపాతం ఉండదని యుగంధర్ గారు అన్నారు. సుధాంశు గారు కాటా పక్కన కుర్చీ వేయించుకుని, ఒక గెలను ఎదురుగా కట్టించుకుని, స్టాప్‌వాచీతో మూడు రోజులు దాన్నే చూశాడు. నాలుగో రోజు పొద్దున్న వచ్చేసరికి పరిశోధనలో ఉన్న గెలలో సగం ఎవరో తినేశారు. మిగిలిన సగంతోనే నివేదిక పూర్తి చేశాడు.

"నా అబ్జర్వేషన్ ఏంటంటే," అని తెర మీద రంగు రంగుల గీతలు చూపిస్తూ చెప్పాడు, "అరటి ఎటువంటి అప్రూవల్ లేకుండా, పూర్తిగా సొంత నిర్ణయంతో పక్వానికి వస్తోంది. సంస్థతో అలైన్‌మెంట్ జీరో."

యుగంధర్ గారు బల్ల మీద చరిచారు. "చూశారా!"

వెంటనే నలభై ఏడో నంబరు ఉత్తర్వు వెలువడింది. 'గేటు పాసు జారీ అగు వరకు గెలలు పక్వమునకు రాకుండునట్లు రైతులు తగు చర్యలు తీసుకొనవలెను. ఇట్టి విషయమును తమ తోటలకు తెలియజేయవలెను.' నా చేత్తోనే అంటించాను. మర్నాడు అబ్బులు గారు నా కిటికీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు:

"తోటలో నిలబడి పూర్తిగా చదివేనండి, ఆయ్. గట్టుమీద బొంత అరటి కాస్త విందండి. చక్రకేళే మాట వినట్లేదండి."

ఇది కూడా నివేదికలో చేర్చమన్నారు. సుధాంశు గారు దాన్ని ఆధారంగా తీసుకుని మరింత లోతుకు వెళ్ళాడు. అరటి తొందరను ఆపలేం, కనుక దాని కన్నా ముందే బయల్దేరాలి అన్నాడు. చెట్టు పువ్వు వేసినప్పుడే రైతు పాసుకు దరఖాస్తు పెట్టుకుంటే, గెల తయారయ్యే వేళకు పాసు కూడా తయారవుతుంది. ఇది యాభై మూడో ఉత్తర్వు. రైతులు ఇంకా కాయని కాయల సంఖ్య, ఇంకా పట్టని బరువు, ఇంకా పుట్టని అత్తాల, అంటే గెలలో కాయల వరసల, వివరాలు రాసి ఇవ్వాలి. వారంలో పన్నెండు వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్క దరఖాస్తుకూ కంప్యూటరు నలభై వేల మంది రైతుల్నీ మొదటినుంచి వెతుక్కోవాలి కదా. పాసుకు పట్టే సమయం నలభై నిమిషాల నుంచి ఏడు గంటలకు పెరిగింది.

"డిమాండ్ బాగుంది," అన్నాడు సుధాంశు గారు. "ఇంకా ముందుకు జరుగుదాం."

అరవై ఒకటో ఉత్తర్వు ప్రకారం పిలక నాటిన రోజే దరఖాస్తు పెట్టాలి. ప్రతి పిలకకూ ఒక నంబరు పలక కట్టాలి. దాంతో పాసు పట్టే సమయం ఒకటిన్నర రోజుకు చేరింది. యుగంధర్ గారు దీనికి 'పంటకు ముందే పాసు' అని పేరు పెట్టి పత్రికలవాళ్ళను పిలిచారు. దేశంలో ఇలాంటి పథకం మరెక్కడా లేదని ఆయన అన్నది నిజమే.

ఒకే ఒక్క చిక్కు వచ్చింది. దరఖాస్తు ఎప్పటిదైనా కంప్యూటరు ఇచ్చే పాసు మాత్రం వచ్చిన క్షణం నుంచి ఇరవై నాలుగు గంటలే చెల్లుతుంది. జానెడు ఎత్తున్న పిలకలకు లారీ పాసులు రావడం మొదలైంది. కోతకు సిద్ధంగా ఉన్న గెలలు మాత్రం ఉత్తర్వుకు ముందు నాటిన చెట్లవి. వాటికి పిలక దశలో దరఖాస్తు లేదు కనుక పాసు లేదు.

శ్రావణం రెండో వారం. రాబోయే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఏడాదంతటిలో మా గెలలకు గిరాకీ ఉండే రోజు అది. బుధవారం సాయంత్రానికి లారీ గేటు దాటకపోతే గురువారం సంతలకు అందదు, ఆ తర్వాత ఆ గెల ఎవరికీ అక్కరలేదు. సోమవారం అబ్బులు గారు ఐదు వందల గెలలు నరికించి యార్డుకు తెచ్చాడు. గుప్పెట్లో పదకొండు పాసులు ఉన్నాయి. అన్నీ పిలకలవి.

సూర్రావు గేటు తియ్యలేదు. "పాసున్న గెల తేలేదండి, తెచ్చిన గెలకి పాసు లేదండి," అన్నాడు. పాపం, అతను కూడా దాదాపు ఏడుపు మొహంతోనే అన్నాడు.

అబ్బులు గారు గొడవ పెట్టలేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం నూకరత్నం మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చింది. నేనూ వెళ్ళాను.

"నలభై యేళ్ళ నించి గోదారి వరదని చూత్తున్నానండి," అన్నాడు గ్లాసు చేతిలో పట్టుకుని. "రెండు మాట్లు తోట మొత్తం పట్టుకుపోయింది. ఎప్పుడూ కోపం రాలేదండి. నీళ్ళు కదా, వత్తాయి, పోతాయి. ఇది ఏంటో నాకు తెలీట్లేదండి. ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలీట్లేదు. మీరంతా మంచోళ్ళే."

నీళ్ళు తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు. నూకరత్నం లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, తిరుగుతున్న చక్రం వైపు చూస్తూ అంది:

"గంటన్నరండి గవర్రాజు గారూ. గంటన్నర ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు. దానికి ఆయన సంతకం పెట్టరు."

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇన్నేళ్ళలో ఎం.డి. గారు ఏయే మాటలకు సంతకం పెడతారో, ఏయే మాటలకు పెట్టరో నాకు తెలిసినంతగా ఆయనకు కూడా తెలియదు. 'నిలుపుదల' అంటే పెట్టరు. 'లోపం' అంటే పెట్టరు. 'గౌరవసూచకంగా' అంటే చదవకుండా పెడతారు.

బుధవారంనాడు 'పంటకు ముందే పాసు' పథకాన్ని చూసి నేర్చుకోవడానికి ఐదు రాష్ట్రాల ప్రతినిధి బృందం వస్తోంది. ఒక జాయింట్ కమిషనర్ గారు దానికి నాయకత్వం వహిస్తున్నారు. ఉదయం ఉపన్యాసాలు, మధ్యాహ్నం పన్నెండున్నరకు విందు, తర్వాత పాసు జారీ ప్రదర్శన. మంగళవారం పొద్దున్నే అరవై ఎనిమిదో ఉత్తర్వు రాసి తీసుకెళ్ళాను.

'గౌరవనీయ ప్రతినిధి బృందము భోజనమునకు ఉపక్రమించిన క్షణము మొదలు తాంబూలము స్వీకరించు వరకు, అతిథుల యెడ గౌరవసూచకముగా, సమాఖ్యలోని అధికారులు, ఉద్యోగులు మరియు కంప్యూటర్లు సంపూర్ణ మౌనము పాటించవలెను.'

"కంప్యూటర్లు మౌనం పాటించడం అంటే?" అన్నారు యుగంధర్ గారు.

"ఎవరూ తెరవకూడదండి. మీటల టకటక భోజనాల దగ్గరికి వినపడితే బాగోదు కదండి."

ఆయన కలం తీసి, 'క్షణము' అన్నచోట 'శుభక్షణము' అని దిద్ది, సంతకం పెట్టారు.

బుధవారం పన్నెండున్నరకు విస్తళ్ళు వేశారు. శుభక్షణంలో కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. నూకరత్నం ఒక్కతే సర్వరు గదిలో తలుపు వేసుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, హెల్ప్‌లైను కుర్రవాడు చెప్పినట్టు చేస్తోంది. ఇవతల భోజనశాలలో నలభై మంది మాట్లాడకుండా తింటున్నారు. అప్పడాల చప్పుడు తప్ప ఏమీ లేదు. జాయింట్ కమిషనర్ గారికి ఆవకాయ కావలసి వచ్చి చేత్తో సైగ చేశారు. యుగంధర్ గారు ఆ నిశ్శబ్దానికి పొంగిపోతున్నట్టు మొహం పెట్టారు.

ఒంటిగంట నలభైకి ఒకసారి వెళ్ళి చూశాను. నూకరత్నం తెర వైపు చూపించింది. నూటికి అరవై పాళ్ళు అయింది. "ఇంకో నలభై నిమిషాలు పట్టేలా ఉందండి," అని గుసగుసలాడింది. "మధ్యలో ఎవరైనా ముట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుందంటండి."

అప్పటికే అతిథులు పెరుగన్నంలోకి వచ్చేశారు. నేను వంటవాళ్ళకు సైగ చేసి పూర్ణం బూరెలు మళ్ళీ వడ్డించమన్నాను. పెరుగన్నం తర్వాత బూరెలేమిటని ఎవరూ అడగలేకపోయారు, మౌనం కదా. బూరెలు ఓ పావుగంట నిలబెట్టాయి. అంతలో సుధాంశు గారు చెయ్యి కడుక్కుని, ప్రదర్శన సిద్ధం చేసుకోవాలని ల్యాప్‌టాప్ తెరవబోయాడు. నేను పరిగెత్తుకెళ్ళి అరవై ఎనిమిదో ఉత్తర్వు ఆయన మొహం ముందు పెట్టాను. ఏదో అనబోయాడు. నేను ఎం.డి. గారి సంతకం మీద వేలు పెట్టాను. ఆయన ల్యాప్‌టాప్ మూశాడు.

చేతులు కడుక్కోవడాలు అయ్యాయి. ఇక తాంబూలాలే. తాంబూలం తీసుకుంటే మౌనం ముగిసినట్టే. అందుకని తాంబూలాల పళ్ళేన్ని నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

అతిథులు కూర్చున్నారు. తాంబూలం రాలేదు. యుగంధర్ గారు నావైపు చూసి కనుబొమలు ఎగరేశారు. నేను కూడా ఎగరేశాను. ఆయన చేత్తో ఆకు చుట్టినట్టు అభినయించారు. నేను అర్థం కానట్టు నిలబడ్డాను. ఐదు రాష్ట్రాల అధికారులు ఇరవై నిమిషాలు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, ఇది కూడా పథకంలో భాగమేనని అనుకుంటూ, గంభీరంగా కూర్చున్నారు. ఒకాయన కళ్ళు మూసుకుని ధ్యానంలోకి వెళ్ళిపోయాడు.

ఎట్టకేలకు గుమ్మంలో నూకరత్నం కనపడింది. తల ఊపింది. నేను వెళ్ళి తాళం తీశాను.

ప్రదర్శన పాసుల కౌంటరు దగ్గర జరిగింది. నూకరత్నం అబ్బులు గారి పేరు కొట్టింది. తెర మీద చక్రం కనపడనైనా కనపడలేదు. ఆమె మీట మీంచి వేలు తియ్యకముందే ప్రింటరులోంచి పాసు బయటికి వచ్చింది. ఆ గెలలకు అరవై ఒకటో ఉత్తర్వు ప్రకారం పాసు ఇవ్వకూడదన్న సంగతి ఆ ఆశ్చర్యంలో ఎవరికీ గుర్తు రాలేదు.

"అంత త్వరగానా!" అన్నారు జాయింట్ కమిషనర్ గారు. "ఇదెలా సాధ్యమైంది?"

యుగంధర్ గారు ప్రింటరు వైపు చూశారు. పొద్దుటి వరకు ఒకటిన్నర రోజు పట్టిన పని. మధ్యలో తాము చేసిందేమిటి? ఆయన మొహంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది.

"మౌనం," అన్నారు.

ఐదు రాష్ట్రాల వాళ్ళూ నోటుబుక్కులు తీసి రాసుకున్నారు.

ఆ సాయంత్రం ఆరు లోపల అరవై నాలుగు లారీలు గేటు దాటాయి. అబ్బులు గారి లారీ ముందు వెళ్ళింది. సూర్రావు ప్రతి లారీకీ సెల్యూట్ చేశాడు. చివరి లారీ వెళ్ళాక నూకరత్నం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టే వచ్చేశాను.

మర్నాడు ఆమె జరిగినదంతా అర పేజీలో రాసి ఎం.డి. గారికి పంపింది. పట్టిక సంగతి, గంటన్నర సంగతి, ఇకముందు సమాచారం ఎక్కించిన ప్రతిసారీ ఏం చెయ్యాలన్నది, అన్నీ రాసింది. సాయంత్రానికి కాగితం తిరిగి వచ్చింది. అంచున ఎర్ర సిరాతో 'మౌనము గూర్చి ప్రస్తావన లేదు. అసంపూర్ణము' అని ఉంది.

డెబ్భయ్యో ఉత్తర్వు ప్రకారం మా సమాఖ్యలో ప్రతి రోజూ పన్నెండున్నర నుంచి రెండు వరకు మౌనం. సుధాంశు గారు 'నిశ్శబ్దాధారిత వేగాభివృద్ధి' అని నూట నలభై పేజీల నివేదిక ఇచ్చాడు. మరో రాష్ట్రంలో ఉదయం పూట కూడా మౌనం పెట్టి మా కన్నా ముందుకు వెళ్ళాలని చూస్తున్నారట. పంటకు ముందే పాసు పథకం లక్ష్యం నెరవేరినందున ముగిసింది. పిలకల నంబరు పలకలు ఇంకా తోటల్లో వేలాడుతున్నాయి.

శ్రావణమాసాంతంలో నూకరత్నం కాంట్రాక్టు పునఃపరిశీలనకు వచ్చింది. మౌనం రోజున ఆమె కనబరచిన క్రమశిక్షణను మెచ్చుకుని ఇంకో మూడేళ్ళు పొడిగించారు. కొత్త హోదా కూడా ఇచ్చారు: మౌన సమన్వయకర్త. మౌన సమయంలో ఎవరూ మాట్లాడకుండా చూడడం, మౌన ఫలితాలకు ఇతర కారణాలు చెప్పి ప్రచారం చెయ్యకుండా ఉండడం ఆమె విధులు. ఆ ఉత్తర్వు కూడా నేనే రాశాను. రెండో విధి రాయనని ఎం.డి. గారితో అన్నాను. ఆయన తన చేత్తో రాసుకున్నారు.

భాద్రపదం మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకు అబ్బులు గారు వచ్చాడు. చేతిలో ఎర్రటి తువ్వాలులో చుట్టిన చక్రకేళి అత్తం ఉంది. తిన్నగా నూకరత్నం బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"లంకలో అందరూ నన్నే అడుగుతున్నారమ్మా. ఆ పెద్దోళ్ళందరూ నోరు మూసుకుంటే పాసులొచ్చేసేయంటే నేను నమ్మలేదు. నువ్వేదో చేసేవు. ఏం చేసేవో చెప్పమ్మా."

నూకరత్నం నోరు తెరిచింది. ఎం.డి. గారి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆమె గడియారం వైపు చూసింది, నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె గోడ మీది డెబ్భయ్యో ఉత్తర్వును చూపించి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

అబ్బులు గారు ఆ ఉత్తర్వు వైపు, ఆమె వేలి వైపు మార్చి మార్చి చూశాడు. కాసేపటికి ఆయన కళ్ళలో భక్తి లాంటిది కనపడింది. అత్తాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.

"ఆయ్, తెలిసిందమ్మా," అన్నాడు ఊపిరి శబ్దంతో. "పైకి చెప్పకూడని మంత్రమన్నమాట."

రెండు చేతులూ జోడించి, చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.